గవర్మెంటు చీమలు, అవ్వ చీమలు

ముప్పై ఏళ్ళకు పైగా గవర్నమెంటు ఉద్యోగం చేశాను. అన్నేళ్ళలో గవర్నమెంటుకు ఒకే ఒక్క అబద్ధం రాసిచ్చాను, అదీ చీమల గురించి. ఈ మాట చెబితే మా ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ పడీ పడీ నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, నాకేం? ఆ అబద్ధం రాసినందుకు నాకు ఏ రోజూ సిగ్గనిపించలేదు.

అవి యాభైల చివరి సంవత్సరాలు. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. అనంతపురంలో పుట్టి, అక్కడే చదివి, గ్రామసేవకుడి ఉద్యోగం రాగానే గోరంట్ల దాటి ఇంకా లోపలికి ఎనిమిది మైళ్ళు సైకిలు తొక్కితే వచ్చే ఒక ఊళ్ళో పడ్డాను. గ్రామసేవకుడంటే పెద్ద పనేం కాదు. బ్లాకు ఆఫీసు చెప్పిందంతా ఊరికి చెప్పాలి. ఊరు తిట్టిందంతా బ్లాకు ఆఫీసుకు చెప్పకుండా మింగాలి. నాకేమో ముక్కు మీద కోపం, మింగడం చేతకాదు. మొదటి నెలలోనే సగం ఊరితో పోట్లాడాను. మిగతా సగం ఊరు ఆ పోట్లాటలు చూడ్డానికి వచ్చేది.

ముందటి ఏడు వానలు ఎగ్గొట్టాయి. అందుకని ఆ ఎండాకాలం చావడిలో గంజి కేంద్రం పెట్టారు. మద్రాసు రేవులో ఓడలోంచి దించిన మొక్కజొన్న పిండి సంచులు రైలెక్కి, లారీ ఎక్కి, చివరికి ఎద్దులబండి మీద మా ఊరు చేరేవి. సంచుల్లో పిండితో పాటు ఇంకొకటి కూడా దిగింది. ఆవగింజలో సగం ఉంటుందో లేదో, ఎర్రటి చీమ. ఆ సంగతి మొదట కనిపెట్టింది గంజి కాచే ఆమె. సంచి మూతి విప్పి చెయ్యి పెట్టిందో లేదో, "అమ్మో, నిప్పులప్పా నిప్పులు!" అని గరిటె విసిరేసి వీధిలోకి పరుగెత్తింది. ఆ గరిటె వచ్చి నా సైకిలుకు తగిలింది.

నెల తిరిగేసరికి ఆ చీమలు ఊరంతా పాకాయి. గోడ పగుళ్ళలో, పశువుల కొట్టంలో, మంచం కోళ్ళలో, ఎక్కడ చూసినా అవే. కుడితే చుర్రుమని మండి, మర్నాటికి చీముపొక్కు లేచేది. కోళ్ళు పొదిగే చోటు వదిలి పారిపోయాయి. ఊళ్ళో వాటికి పేరు కూడా పెట్టేశారు, గవర్మెంటు చీమలు అని.

"సంచి ఎవరిదప్పా? గవర్మెంటుది. సంచిలో వచ్చినేది ఎవరిది? గవర్మెంటుదే కదా. నువ్వు గవర్మెంటు మనిషివి. నీ చీమల్ని నువ్వు పిలుచుకోని పో" అని రచ్చబండ మీద కూర్చున్న పెద్దమనిషి నన్ను నిలదీశాడు.

"నేనేమన్నా జేబులో పెట్టుకోని తెచ్చినానా? చెయ్యి ఊపితే వచ్చేదానికి అవేమన్నా మేకలా?" అని నేనూ ఎగిరాను. చుట్టూ చేరినవాళ్ళు ఎంత సంతోషపడ్డారో చెప్పలేను. గంజి కంటే నా కోపమే వాళ్ళకు కడుపు నింపినట్టుంది.

ఇక అవ్వ సంగతి చెప్పాలి. నా గదికి ఎదురుగా ఒక మట్టిమిద్దె ఉండేది, అందులో ఒంటరిగా ఆమె ఉండేది. డెబ్బై దాటి ఉంటాయి. ఎండిన చింతబరికెలా ఉండేది, మాట కూడా అలాగే తగిలేది. పొద్దున్నే లేచి, వాకిలి ఊడ్చి, గడప పక్కన గుప్పెడు కొర్ర నూక పోసేది. అది నల్లచీమలకు. ఆ నల్లచీమలు ఆమె పెళ్ళయి వచ్చిన నాటినుంచీ ఆ గడప కిందే ఉన్నాయట. తనకు తిండి లేని రోజు కూడా వాటి నూక మానలేదని ఊరంతా చెప్పేది.

అవ్వకు ఊరి బయట వాన మీదే పండే రెండెకరాల ఎర్రచెలక. కరువులో ఎద్దుల్ని అమ్ముకుంది, ఇత్తడి బిందె అమ్ముకుంది. ఒక పెద్ద బానలో దాచిన విత్తనపు శెనక్కాయల్ని మాత్రం ముట్టలేదు. రోజూ గంజి కేంద్రానికి వచ్చి బొచ్చె పట్టుకొని నిలబడేది గానీ ఆ బానలో చెయ్యి పెట్టేది కాదు. ఆ బాన ఉంటేనే వచ్చే పంట, పోతే ఆ రెండెకరాలు కూడా అమ్ముకొని ఎవరి పంచనో చేరాల్సిందే. ఒకరోజు ఆ బాన మూత తీసి చూస్తే లోపల ఎర్రచీమలు. కాయ చివర సన్నగా తొలిచి పప్పు తినేస్తున్నాయి. అవ్వ అరవలేదు. నాలుగు తొలిచిన కాయలు కొంగులో మూటగట్టుకొచ్చి నా ముందు కుమ్మరించింది.

"నీ చీమలు నా ఇత్తనం తింటాండాయి. చూస్తా కూర్చుంటావో, ఏమన్నా చేస్తావో చెప్పు. ఇది పాయనంటే నేను పోయినట్టే" అంది.

అప్పటిదాకా ఎవరు ఏమన్నా ఎదురు మాట్లాడినవాణ్ణి, ఆ రోజు ఆ నాలుగు కాయలూ జేబులో వేసుకున్నాను. సైకిలెక్కి నేరుగా బ్లాకు ఆఫీసుకు పోయాను.

మా ఆఫీసరు మంచివాడే, కాకపోతే కాగితాల మనిషి. నా మాట విని ఆయన ముఖం వెలిగిపోయింది. సముద్రంలో దీవుల్లో ఇలాంటి చీమలు పడితే అక్కడి గవర్నమెంట్లు పెద్ద పెద్ద పటాలాలనే దింపుతున్నాయని ఎక్కడో చదివాడట. "మనమూ అట్లా చేయాల. ఒక్క చీమ కూడా మిగలకూడదు. ప్రతి గడపా, ప్రతి గోడా" అని బల్ల గుద్ది, నాలుగు డబ్బాల తెల్ల మందుపొడి ఇచ్చాడు. సముద్రమే చూడని నేను, దీవులను జయించే సేనాపతిలా డబ్బాలు సైకిలుకు కట్టుకొని ఊరికి వచ్చాను.

చావడి ముందు నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. ఇది విషం, పిల్లలకు అందనీయొద్దు, చేతులు కడుక్కోండి, గడప దగ్గర పల్చగా పడేటట్టు చల్లండి అని చెప్పాను. ఆడవాళ్ళు తలా ఒక చేటలో పొడి పోయించుకొని పోయారు. ఇంత బుద్ధిగా విన్నారే అని నేను పొంగిపోయాను.

మర్నాడు పొద్దున తలుపు తీసి వీధిలోకి చూశాను. ప్రతి ఇంటి ముందూ ముగ్గు! తెల్లగా, నున్నగా, చుక్క తప్పకుండా! కరువులో ముగ్గుపిండి కొనే స్తోమత లేక మూడు నెలలుగా వాకిళ్ళు బోసిగా ఉన్నాయట. గవర్నమెంటు ఊరికే తెల్ల పొడి ఇచ్చి, గడప ముందర పల్చగా పడేటట్టు వేయమంటే వాళ్ళకు ఇంకేం అర్థమవుతుంది? మా ఊరి ఆడవాళ్ళకు పొడి చల్లడమంటే చుక్కలు పెట్టి కలపడమే. గంజి కాచే ఆమె అయితే తామరపువ్వు వేసి, నా వైపు చూసి "బాగుండాదా అప్పా?" అని అడిగింది.

నేను తల పట్టుకొని వీధి వీధీ తిరిగి, పేడనీళ్ళు కొట్టించి, వాకిళ్ళన్నీ కడిగించేసరికి మధ్యాహ్నమైంది. పిల్లలకు, కోళ్ళకు ఏమీ కాలేదు, ఆ దేవుడికి దండం. కానీ గోడల్లో ఉన్న ఎర్రచీమలకు ముగ్గుతో పనేముంది? అవి హాయిగా గోడల్లోనే ఉన్నాయి. పొద్దున్నే నూక కోసం గడప దాటి వచ్చిన నల్లచీమలు మాత్రం ముగ్గులో పడి చచ్చాయి. అవ్వ ఇంటి ముందు ఆమెకు తెలియకుండా పక్కింటి కోడలు సాయంగా ముగ్గు వేసిపెట్టిందట. అవ్వ వాకిట్లో నల్లచీమలు కుప్పగా పడి ఉన్నాయి. ఆమె వాటిని చేటలోకి ఎత్తుతోంది.

"అవ్వా, చీమలే కదా..." అన్నాను. అనకూడని మాట.

"చీమలే కదా?" అని లేచింది. "వానెప్పుడొచ్చేది నాకు ఎవరు చెప్తారు? నువ్వు చెప్తావా? మీ ఆఫీసరు దొర చెప్తాడా?"

అప్పుడు గానీ నాకు అసలు సంగతి తెలియలేదు. శెనక్కాయలు విత్తాలంటే ముందు వొలవాలి. ముందే వొలిచి పెట్టుకుంటే పప్పు పాడై మొలక చచ్చిపోతుంది. వాన పడ్డాక వొలుద్దామంటే ఆమె ఒక్కతే, బాన వొలిచేసరికి నాలుగు రోజులు పడుతుంది. మా ఎర్రనేలలో విత్తే పదును, అంటే ఆ తడి, రెండు రోజులు మించి నిలవదు. కూలి మనుషుల్ని పెట్టుకోగలిగినవాళ్ళకు పర్వాలేదు. అవ్వ మాత్రం ప్రతి ఏడూ నల్లచీమల్ని చూసి వొలిచేది. అవి గుడ్లు నోట కరుచుకొని గోడ పైకి ఎక్కాయంటే రెండు రోజుల్లో వాన. అప్పుడు కాయలు వొలవడానికి కూర్చునేది. యాభై ఏళ్ళుగా అదే లెక్క. ఆ లెక్కను నేను ఒక్క పూటలో తుడిచిపెట్టాను. నాకు ఏడుపు వచ్చింది, నిజంగానే వచ్చింది. గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను.

సాయంత్రం తలుపు దబదబ కొట్టారు. తీస్తే అవ్వ. నన్ను చూడలేదు, నా కాళ్ళ కింద గడప బండను చూస్తోంది. "కదలొద్దు" అంది. కిందికి చూస్తే, బండ సందులోంచి నల్లచీమల బారు! ఒంటరి మగాణ్ణి, ఊడ్చే అలవాటే లేనివాణ్ణి, ముగ్గెవరు వేస్తారు? ఊరికంతా పొడి పంచి నా గడపకు వేసుకోవడం మర్చిపోయాను. నా సోమరితనం వల్ల ఊళ్ళో మిగిలిన ఒకే ఒక నల్లచీమల పుట్ట నా గడప కింద బతికి ఉంది.

మర్నాటినుంచి అవ్వ నూక నా గడపకు వచ్చింది. తెల్లవారేసరికి ఆమె నా వాకిట్లో ఉండేది. "లెయ్యప్పా, ఊడ్చుకో. గవర్మెంటు మనిషి ఇల్లా ఇది? పంది కూడా ఇంతకంటే శుభ్రంగా ఉంటాది" అని తిట్టేది. వాటిని దాటేటప్పుడు కాలెత్తి వేయమనేది. నా సైకిలు వేరే చోట పెట్టించింది. సొంత గదిలో నేను అద్దెకు ఉన్నట్టు, అవి ఇంటివాళ్ళయినట్టు అయింది.

నల్లవి దక్కాయి గానీ ఎర్రవాటి సంగతి? అవ్వ బాన కింద నీళ్ళ పళ్ళెం పెట్టి ఎలాగో కాపలా కాస్తోంది. మళ్ళీ పొడి చల్లుదామంటే ఈ మిగిలిన పుట్ట కూడా పోతుంది. దీనికి దారి చూపింది అవ్వే. ఒకరోజు నా గడప దగ్గర కూర్చొని మాటల్లో అంది, "నల్లదానికి నూక కావాల. ఎర్రది నూక ముట్టదు చూసినావా? దానికి నూనె మీద ఆశ. నా కాయల మీద పడింది అందుకే."

నేను ఎగిరి గంతేశాను. చదువుకున్నవాణ్ణి, నాకు తట్టలేదు చూడండి! ఆ రోజే గానుగ ఇంటికి పోయి నూనె తీశాక మిగిలే శెనక్కాయ చెక్క తెచ్చాను. పొడి చేసి చిల్లపెంకుల్లో వేసి ఇంటింటికీ నాలుగు మూలలా పెట్టించాం. అరగంటలో పెంకులన్నీ ఎర్రబారాయి. ఒక్క నల్లచీమ తొంగి చూస్తే ఒట్టు. చెక్క ముక్క మోసుకొని పోయే చీమ వెనకాలే మనిషి పోవడం, అది దూరిన కన్నం దగ్గర ఒక రాయి పెట్టి గుర్తు వేయడం. ఆ తర్వాత గంజి కేంద్రపు పెద్ద గంగాళంలో నీళ్ళు మరిగించి కన్నంలో పోయడం, తేమ ఆరాక చెంచాడు మందు లోపలికే వేసి మట్టితో మూసెయ్యడం. వాకిట్లో ఒక్క పలుకు పడనివ్వలేదు.

అబ్బ, ఆ వారం రోజులు! కరువు ఊరని ఎవరూ అనరు. ముసలీ ముతకా అందరూ గోడల వెంట వంగి నడవడమే. "ఈడ పోయింది, ఈడ!" "కాదప్పా, అది మీ ఇంటిది, మా గోడ దాటి మీ కొట్టంలోకే పోతాండాది!" "మీ చీమ మా ఇంటి చెక్క తినిపాయ!" అని పోట్లాటలు. రచ్చబండ పెద్దమనిషి ఒక చీమ వెనక పాకుతూ పాకుతూ వియ్యంకుడి ఇంట్లోకి దూరిపోయాడు. వాళ్ళిద్దరికీ రెండేళ్ళుగా మాటల్లేవు. ఆ పూట అక్కడే తిని వచ్చాడు. పొక్కులు లేవని చెయ్యి ఊళ్ళో ఒక్కటి లేదు, అయినా నవ్వు ఆగలేదు. వారం తర్వాత పెంకులు పెడితే ఖాళీగా ఉన్నాయి. అవ్వ బానలో చెయ్యి పెట్టి, అడుగుదాకా కెలికి, చెయ్యి బయటికి తీసి చూసుకుంది. ఒక్క చీమ లేదు. నా తల మీద ఆ చెయ్యే పెట్టింది.

ఇక వాన కోసం చూడటమే. అంతలో జీపులో ఆఫీసరు దిగాడు. ఇంటింటికీ తిరిగి చూసి "భేష్" అన్నాడు. చివరికి నా గది దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. బండ కింద నల్లచీమలు బారు కట్టి నూక మోస్తున్నాయి.

"ఇదేంది? నీ ఇంట్లోనే చీమలా? దీనికి కూడా వేయించు" అన్నాడు.

"సార్, ఇవి మనవి. ఎవరినీ కుట్టవు" అన్నాను.

"ఒక్క చీమ కూడా అని చెప్పినాను కదా. నల్లదో ఎర్రదో రిపోర్టులో రాయడానికి గడి ఏదీ లేదు."

నాకు తిక్క రేగింది. నోరు తెరిచేలోపే అవ్వ వచ్చి నా గడప మీద కాళ్ళు చాపుకొని కూర్చుంది. "సల్లు దొరా. ముందు నా మీద సల్లు" అంది. ఆఫీసరు గతుక్కుమన్నాడు. నన్ను పక్కకు పిలిచి, "సోమవారం మళ్ళీ వస్తాను. ఈలోగా నువ్వే కానిచ్చెయ్. లేకపోతే నీ ఉద్యోగం పర్మనెంటు కావడం నా చేతుల్లో ఉండదు" అని చెప్పి జీపెక్కాడు. అది శుక్రవారం.

శనివారమంతా అవ్వ నా గడప వదల్లేదు. ఆకాశం చూస్తే కడిగిన పళ్ళెంలా ఉంది, మబ్బుతునక లేదు. నా ఉద్యోగం గురించి మా నాయన ఊళ్ళో అందరికీ చెప్పుకొని ఉంటాడని పదే పదే గుర్తొచ్చేది. డబ్బాలో మందు ఇంకా ఉంది. అవ్వ నా ముఖం చూసి ఏమనుకుందో, "నువ్వు వేసేటట్టుంటే వేసెయ్యప్పా. నీది చిన్న వయసు. నేను ఏదో ఒకటి చేసుకుంటా" అని లేచి పోయింది. అప్పటిదాకా తిట్టినప్పుడు కూడా అంత బాధ కలగలేదు. డబ్బా తీసుకుపోయి తాళం వేసిన పెట్టెలో పెట్టాను.

ఆదివారం పొద్దున కళ్ళు తెరిస్తే గోడ మీద నల్లటి గీత. గడప నుంచి దూలం దాకా ఒకే బారు, ప్రతి చీమ నోటిలోనూ బియ్యపుగింజ అంత తెల్లటి గుడ్డు. చొక్కా కూడా వేసుకోలేదు. లుంగీ ఎగగట్టి వీధిలోకి పరుగెత్తాను. "అవ్వా! ఎక్కినాయి! గుడ్లు ఎత్తుకోని ఎక్కినాయి!" అని అరిచాను. మూడు నెలల కింద ఎవరైనా ఇలా అరిస్తే పిచ్చి పట్టిందనేవాణ్ణి.

బాన నా గదిలోకే మోసుకొచ్చాం. వీధి వీధంతా వచ్చి వొలవడానికి కూర్చుంది. అవ్వ కర్ర పట్టుకొని నడుమ నిలబడింది. "ఒక్క పప్పు నోట్లో ఏసుకున్నా పండ్లు రాలగొడతా" అని, అందరినీ పాడమంది. పాడే నోట్లో పప్పు పట్టదని ఆమె ధీమా. నాకు పాటలు రావు, బళ్ళో నేర్చుకున్న ప్రార్థన పాడాను. పది సార్లు పాడాను. బొటనవేళ్ళు బొబ్బలెక్కాయి. సోమవారం మధ్యాహ్నానికి బాన ఖాళీ అయింది. అప్పటికి ఆకాశంలో ఉన్నది అరచేతంత మబ్బు. అందరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు.

సాయంకాలం నాలుగింటికి కొట్టింది వాన. మిద్దెల మీద గొట్టాల్లోంచి నీళ్ళు ఒక్కసారిగా దూకాయి. అవ్వ వీధి మధ్యలో నిలబడి తడుస్తూ, నా వైపు చెయ్యి ఊపి, "యాడప్పా మీ ఆఫీసరు? రమ్మను!" అని అరిచింది. ఆఫీసరు జీపు ఊరి బయట పారే వంకకు అవతలి గట్టునే ఆగిపోయింది. వంక పొంగి పారుతోంది. ఆయన అక్కణ్ణుంచే వెనక్కి పోయాడు. మర్నాడు రచ్చబండ పెద్దమనిషి ఎద్దులు, విత్తనాలు వేసే గొర్రు తీసుకొచ్చి అవ్వ చెలకలో విత్తిపెట్టాడు.

ఎనిమిదో రోజున పోస్టులో ఒక కాగితం వచ్చింది. ఆఫీసరు మళ్ళీ రాలేనని, ఇది నింపి సంతకం చేసి పంపమని రాశాడు. నేను నా గడప మీద కూర్చొని నింపుతున్నాను. చివరి గడిలో ఒకే ప్రశ్న ఉంది, గ్రామంలో ఇంకనూ మిగిలియున్న చీమలు ఎన్ని అని. పెన్ను పట్టుకొని ఆలోచిస్తుంటే అవ్వ చెలక నుంచి వస్తూ కనిపించింది. పొద్దున్నే మొలకలు చూడ్డానికి పోయింది. మోకాళ్ళ దాకా ఎర్రమట్టి.

"సాలు సాలంతా లేసినాయప్పా. ఒక్కటి తప్పలేదు" అని నా పక్కన కూలబడింది. కళ్ళు తుడుచుకొని, కొంగులోంచి నూక తీసి చీమలకు పోసింది. తర్వాత నా కాగితం వైపు చూసింది. "ఏం రాస్తాండావు?"

"గవర్మెంటుకు జవాబు. ఊళ్ళో ఒక్క చీమ కూడా లేదని రాస్తాండా" అన్నాను. రాసి, పైకి చదివి వినిపించబోయాను.

అవ్వ గబుక్కున నా నోటికి మట్టిచెయ్యి అడ్డం పెట్టింది. కింద బారు కట్టిన నల్లచీమల వైపు చూసి, గొంతు తగ్గించి, "మెల్లగప్పా, అవి వింటాయి" అంది.